స్టో దివాణము: దాని పూర్వోత్తరములు

మహాసభకు వేంచేసిన బాంధవులలో కోస్తా తీరగ్రామములవారికి బకింగ్‌హాం కాలువ క్రొత్తది కాదు. పెదగంజాము మొదలు చెన్నపట్టణము మీదుగా మరక్కాణము వఱకు సుమారు 260 మైళ్లు సాగిన యీ కాలువపై మన పెద్దలు ఉప్పును, ధాన్యమును, వంటచెఱకును పడవల కెక్కించి పట్టణమునకుఁ బంపుచుండిరి. కాని యా పేరుగల ప్రభువెవరు, ఆయన యిల్లెట్టిది, ఆ యింటికేమి గతి పట్టెనని విచారించినవారు కొలఁదిమంది. జమీందారీ కుటుంబముల మంచిచెడ్డల నెఱిఁగిన మన సంఘీయులకు ఆ వృత్తాంతము పరిచితమైనదిగనే తోఁచునని యెంచి యిచ్చట విన్నవించుచున్నాము.

ఇంగ్లాండులో బకింగ్‌హాం పట్టణమునకు సమీపమున స్టో యను గ్రామము కలదు. టెంపుల్ అను ఇంటిపేరుగల గొఱ్ఱెల పెంపకపువారు 1571లో అచ్చటి భూములను కౌలునకుఁ బుచ్చుకొని, 1589లో క్రయమునకుఁ గొనిరి. ఆ వంశమున సర్ రిచర్డు టెంపుల్ 1677లో ఇటుకల మేడ నారంభించెను. ఆయన కుమారుఁడగు కాబ్‌హాం ప్రభువు యుద్ధములలోఁ బేరొంది, యింటికి వచ్చి, తోటపైఁ బడెను. టెంపుల్ అనఁగా దేవాలయము గదా! ఆ ఇంటిపేరు సార్థకమగునట్లు తోటనిండ గుడులవంటి కట్టడములు లేచినవి. వానిలో దేవుఁడు లేఁడు. ఒకదానిలో షేక్స్పియరు, మిల్టను, న్యూటను మున్నగువారి శిరోవిగ్రహములు మాత్రము వరుసగా నుంచఁబడినవి. 1741లో లాన్సెలాట్ బ్రౌన్ అనువాఁడు ఇచ్చట తోటమాలులకుఁ బెద్దగాఁ జేరి, తరువాత దేశమంతట ఉద్యానములు వేసి ప్రఖ్యాతుఁడయ్యెను. చూడవచ్చువారు మిక్కుటము కాఁగా 1744లో ఒక పుస్తకవర్తకుఁడు ఆ తోటకు దర్శిని నచ్చొత్తించెను.

అయితే ఈ శోభకై పాత పల్లెయే తొలఁగిపోయినది. రైతులు వేఱొక చోటికిఁ బోయిరి. వారి కోవెల యొక్కటి చెట్ల మఱుఁగున నిలిచియున్నది. ఊరు లేని గుడిని చూచి ఆనందించిన యతిథులలో ఎందఱు ఊరిని తలఁచికొనిరో మే మెఱుఁగము.

పెండ్లిండ్లచేత భూములును బిరుదములును పెరిగి, 1822లో ఆ యింటికి డ్యూకు పదవి లభించెను. బానిసలు పనిచేసిన జమైకా చెఱకుతోఁట యొకటి కూడ వివాహసంబంధముననే సంక్రమించినది. పదవితోపాటు అప్పును పెరిగెను. రెండవ డ్యూకు ఋణము చేసి భూములు కొనెను. ఆ భూముల రాబడి వడ్డీకిఁ జాలదాయెను. వంశపారంపర్యపు కట్టుబాటు నుండఁగా ఆస్తిని అమ్మరాదు. 1844లో కుమారునికి యుక్తవయస్సు రాఁగానే ఆ కట్టును విడిపించుట కాతనిచేత నంగీకరింపఁజేసిరి. మఱుసటి యేటి జనవరిలో విక్టోరియా రాణి యతిథిగా విచ్చేసినపుడు ఆ మేడలో వైభవమునకు లోటు లేదు. 1847లో అప్పులవారి బంట్రౌతులు అదే మేడను స్వాధీనపఱచుకొనిరి. 1848లో నలువది దినములు వేలము సాగినది. అందుఁ బోయిన షేక్స్పియరు చిత్రపటము 355 గినీలు పలికి, 1856లో లండనునందలి జాతీయ చిత్రపటశాలకు మొదటి వస్తువయ్యెను.

నాఁడు సంతకము చేసిన ఆ కుమారుఁడే మన కాలువ పేరిటి మూఁడవ డ్యూకు. ఆయన రైల్వే సంఘమున కధ్యక్షుఁడై, మితవ్యయమున నుండి, యెస్టేటులో మిగిలినదానిని నిలువఁబెట్టెను. 1875లో చెన్నపట్టణపు గవర్నరుగా వచ్చెను. మఱుసటి యేఁడే ధాతనామ సంవత్సరపు కరువు! బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోయెను. ఆయన ప్రభుత్వము 30,000 టన్నుల ధాన్యము కొనఁగా, వర్తకమునఁ జేయి పెట్టరాదని లిట్టన్ వైస్రాయి యభ్యంతరపెట్టెను. వైస్రాయి పంపిన ప్రతినిధి, స్టో మేడ కట్టించినవాని పేరే గల సర్ రిచర్డు టెంపుల్, కరువుపని కూలిని దినమున కొక పౌను ధాన్యమునకును కొలఁది రొక్కమునకును దింపెను. అది బ్రదుకునకుఁ జాలదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను. అడయారు, కూవము నదుల నడుమ తెగియున్న కాలువ భాగమును 1877–78లో త్రవ్వినవారు ఇట్టి కరువుకూలీలే. 1878లో కాలువకు గవర్నరు పేరు వచ్చెను. ఆయన లిట్టనుకన్న దయగలవాఁడని మేము నమ్ముచున్నాము. కాని లక్షలకొలఁది జనులు మరణించిరనుట మఱవరాదు.

1889లో ఆయన పుత్రసంతానము లేక గతించుటతో డ్యూకు పదవి యంతరించెను. మేడ కుమార్తెకు వచ్చెను. కొంతకాలము ఫ్రెంచి రాజవంశీయుఁడగు పారిసు కౌంటు అద్దెకుండి, 1894లో అచ్చటనే మృతినొందెను. ఆమె పెద్దకుమారుఁడు 1914లో యుద్ధమునఁ గూలెను. 1921లో ఎస్టేటు మరల వేలమునకు వచ్చినది.

ఈ తడవ మేడను నిలిపినవారు విద్యాభిమానులు. 1923 మే 11వ తేదీని 99 మంది బాలురతో, రాక్స్‌బరో గారి ప్రధానోపాధ్యాయత్వమున, అచ్చట పాఠశాల తెఱవఁబడెను. రాణి విడిసిన చోటఁ బిల్లలు చదువసాగిరి. కాలక్రమమున బాలికలకును ప్రవేశము కలిగినది. తోట 1989లో నేషనల్ ట్రస్టుకు దత్తమయ్యెను. మేడ మరమ్మతులకై 1997లో వేఱొక ధర్మనిధి యేర్పడెను. పాఠశాలవారు తమ ప్రార్థనామందిరమునకై తోటలోని యొక గుడినుండి స్తంభములు తీసికొని ఆ సందులను ఇటుకలతోఁ బూడ్చియుండిరి. ట్రస్టువారు పిమ్మట ఆ యిటుకలు తీయించి, క్రొత్త స్తంభములను చెక్కించి నిలువఁబెట్టిరి.