మిద్దెకు గవాచి ఎందుకు?

మే నెలలో రాయలసీమ పల్లెల్లో పాత మట్టిమిద్దె లోపలికి మధ్యాహ్నం పూట అడుగుపెడితే ఒళ్ళు చల్లబడుతుంది. అదే ఇంట్లో రాత్రి పడుకోలేక మంచాలు ఆరుబయట వేసుకుంటారు. ఈ రెండింటికీ కారణం ఒకటే: కప్పు మందం.

ఎండ వేడి కప్పులో పొర తరువాత పొరను వేడిచేస్తూ కిందికి దిగుతుంది. అడుగు మందమున్న మట్టికప్పును దాటడానికి దానికి సుమారు 9, 10 గంటలు పడుతుంది. 4 అంగుళాల కాంక్రీటు శ్లాబునైతే దాదాపు 3 గంటల్లోనే దాటేస్తుంది. మట్టికప్పు వేడిని పూర్తిగా ఆపదు. తగ్గించి, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం 2 గంటల ఎండ రాత్రి 11కు గదిలోకి దిగుతుందన్నమాట!

అలా దిగిన వేడిని బయటికి పంపేదెలా? వేడిగాలి తేలిక కనుక పైకి చేరుతుంది. దానికి దారి కూడా పైనే ఉండాలి. మిద్దె నడుమ వదిలే రంధ్రం, అంటే గవాచి, ఆ దారే. వెలుతురు రావడానికీ పొయ్యి పొగ పోవడానికీ అదే. వాన వస్తే పైకెక్కి మూత పెట్టేవారు.

మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో ఇదే సూత్రం మరో రూపం తీసుకుంది. దానినే మద్రాసు టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద పలచని ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చేవారు. దానిపై ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పరచి, బెల్లం, కరక్కాయ నీళ్ళు చిలకరిస్తూ రోజుల తరబడి కర్రలతో కొట్టేవారు. పైన చదును పెంకులు. గోడల్లో కప్పుకు కాస్త దిగువన వెంటిలేటర్లు. తాడు లాగి వీటిని పగలు మూసి, రాత్రి తెరిచేవారు. పగటి వడగాలిని లోపలికి రానిస్తే మందపు కప్పు వల్ల ఫలమేముంది?

గాలి గురించి దొరలకు పట్టుదల ఎక్కువే. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యంపై నియమించిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఈ దేశంలో కాలుపెట్టని ఫ్లారెన్స్ నైటింగేల్ దానికోసం పనిచేసి, బారకాసుల్లో గాలి ఆడాలని గట్టిగా వాదించింది. చెడుగాలి వల్లే జ్వరాలు వస్తాయని అప్పటి నమ్మకం. మలేరియా అనే మాటకు అర్థం కూడా చెడుగాలి అనే. ఆ నమ్మకాన్ని దెబ్బతీసిన పరిశోధన మన సికిందరాబాదులోనే జరిగింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కారణం తప్పని తేలినా వెంటిలేటర్లు మాత్రం నిలిచాయి. వేడిని పంపడానికి అవి కావలసిందే కదా!

పాత ఇళ్ళను బాగుచేసేటప్పుడు చిక్కు ఇక్కడే వస్తోంది. కప్పు కారుతోందని పైన సిమెంటు పూత వేస్తారు. ఎలుకలు వస్తున్నాయని గవాచి పూడుస్తారు. ఏసీ పెట్టి వెంటిలేటర్లకు ఇటుకలు కట్టేస్తారు. సున్నం, సిమెంటు ఎండకు ఒకేలా వ్యాకోచించవు. పూత బీటలు వారుతుంది. బీటల్లో దిగిన నీరు సున్నంలోంచైతే ఆవిరై పోగలదు, సిమెంటు కింద అంత సులువుగా పోలేదు. గోడలో దాగిన దూలం కొనలకు గాలి తగలదు కనుక అవే ముందు పుచ్చుతాయి. కింద ఉన్నవారికి తెలిసేసరికి దూలం వంగుతుంది. నూరేళ్ళు నిలిచిన టేకును ఇలా మన చేతులతోనే పాడుచేసుకోవడం విచారకరం.

కాబట్టి మరమ్మతు దూలం కొనలను పరీక్షించడంతో మొదలు కావాలి. సిమెంటు పూతను జాగ్రత్తగా ఒలిచి, మళ్ళీ డంగుసున్నమే వేయాలి. గవాచిని తెరిచి, వాన పడకుండా పైన చిన్న గొడుగు కట్టవచ్చు. రాస్ చెప్పిన దోమ కోసం దానికీ, వెంటిలేటర్లకూ సన్నని జల్లెడ బిగించాలి. కప్పు పైన తెల్లసున్నం కొడితే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన చల్లని కప్పుల విధానానికి ఆధారం ఈ సూత్రమే. సున్నం వానకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేసవికి ముందు మళ్ళీ కొట్టించాలి.