సూరతు దోపిడియు యుద్ధశాసనములును

సూరతు తాపీనది యొడ్డుననున్న నగరము. తెలుగునాటినుండి బ్రతుకుదెరువునకై తరలిపోయిన పద్మశాలీలు మగ్గములు నడపుకొనుచున్న నగర మది. యుద్ధనేరములను శిక్షించు శాసనములెట్లు పుట్టెనో చెప్పదలచినవారు 1664 జనవరిలో ఆ నగరమునకు వాటిల్లిన యాపదను విస్మరింపరాదని నా యభిప్రాయము. ఏలయన శాసనము లేనినాడు ప్రజల ధనప్రాణములు దేనిపై నాధారపడియుండెనో యచ్చట తేటతెల్లమగును.

శివాజీ సేనలు సమీపింపగనే మొగలు అధికారి ఇనాయత్ ఖాను కోటలో దూరి తలుపులు బిగించుకొనెను. ఆంగ్లవర్తకులు జార్జి ఆక్సెండెను నాయకత్వమున తమ కోఠీని తామే కాపాడుకొనిరి. కోటయు, కోఠీయు, తుపాకియు లేని పౌరుల యిండ్లు దోపిడికిని అగ్నికిని గురియయ్యెను. వీర్జీ వోరావంటి మహాధనికుని భవనమైనను మిగులలేదు. అయినను కపూచిన్ సన్న్యాసి ఆంబ్రోజు నివాసమును శివాజీ ముట్టనీయలేదనియు, దానశీలుడని పేరొంది గతించిన యొక దళారి యింటిని విడిచిపెట్టెననియు ఫ్రెంచి యాత్రికుడు బెర్నియరు వ్రాసెను. ఉదాత్తమైన నడవడియే, కాని యది నాయకుని యనుగ్రహమేగాని పౌరుని హక్కు గాదు. ఖాను పంపిన దూత సంధిమాటల నడుమ శివాజీపై కత్తి దూసినంతనే, ఆ నేరముతో సంబంధము లేని బందీల తలలును చేతులును నరకబడెనని ఆంగ్లేయుల లేఖలు చెప్పుచున్నవి. 1670 అక్టోబరులో ఆ నగరము మరల దోపిడికి గురియయ్యెను.

మనకు యుద్ధధర్మము తెలియక కాదు. పడిపోయినవానిని, వెన్నిచ్చినవానిని, శరణన్నవానిని, ఆయుధము విడిచినవానిని, పోరాడనివానిని కొట్టక యభయమొసగవలెనని కౌటిల్యుడు విధించెను. నిద్రించువారిని చంపిన యశ్వత్థామ కథను తిక్కన సౌప్తికపర్వమున తెనిగించెను. అయితే ఆ ఘోరమునకు దండనము శాపరూపమున వచ్చినదే గాని, సాక్ష్యము విని తీర్పుచెప్పు పీఠమునుండి వచ్చినది గాదు. ధర్మము విదితమై, దానిని నడపు న్యాయస్థానము లేకపోవుటయే వేల సంవత్సరముల దుఃస్థితి.

పీఠమును వెదకు ప్రయత్నము పందొమ్మిదవ శతాబ్దమున దృఢపడెను. 1859లో సోల్ఫెరీనో రణరంగమున దిక్కులేక పడియున్న క్షతగాత్రులను చూచిన హెన్రీ డ్యూనాంటు ఆవేదన ఫలముగా, 1864లో 12 రాజ్యములు జెనీవాలో క్షతగాత్రరక్షణకు ఒడంబడికచేసికొనెను. 1899, 1907 సంవత్సరములలో హేగులో కుదిరిన నియమములు పట్టణముల దోపిడిని స్పష్టముగా నిషేధించెను. సూరతు పౌరునికి ఆనాడు కావలసిన వాక్య మదియే. రెండవ ప్రపంచయుద్ధానంతరము న్యూరెంబర్గున, పైవాని యాజ్ఞను పాలించితినను మాట నిర్దోషిత్వమునకు చాలదని తేలెను. టోక్యో విచారణలో మన దేశపు న్యాయమూర్తి రాధావినోద్ పాల్ అత్యాచారములు జరుగలేదనలేదు. విజేతలు తమకు వర్తింపజేసికొనని న్యాయముతో పరాజితులను దండించుట చెల్లదనెను. ఆయన నిర్ణయమంతటితో నేకీభవింపనివారైనను ఆ యాక్షేపమును త్రోసివేయజాలరు. శాసనము విజేతను గూడ బంధించిననాడే శాసనమగును.

1949లోని నాలుగు జెనీవా ఒడంబడికలలో చివరిది పౌరులకొరకే వెలసెను. భారతదేశము 1950లో వానిని ధ్రువీకరించి, 1960లో జెనీవా ఒడంబడికల చట్టమును చేసెను. కాని ఆ చట్టము క్రింది నేరమును ప్రభుత్వము ఫిర్యాదు చేసినగాని న్యాయస్థానము విచారణకు గైకొనరాదు. వ్యక్తికి ఆ చట్టము నేరుగా హక్కు నొసగలేదని 1969లో గోవాకు చెందిన యొక మతాచార్యుని వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. 1998లో రోమున కుదిరి 2002లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నేరన్యాయస్థానపు ఒప్పందమున మన దేశము చేరలేదు. చేరకుండుటకు కారణము లున్న నుండవచ్చును. అయినను బాధితుడు తానై న్యాయస్థానమునకు పోగల మార్గమును మన చట్టముననైనను పార్లమెంటు కల్పింపవలెను.