ఆయాసమంతా ఆస్తమా కాదు.. శ్వాసనాళం ఇరుకైతే విశాఖలో ఎక్కడ చూపించుకోవాలి?

పోర్టు బొగ్గు ధూళి, పరిశ్రమల పొగ... విశాఖలో ఎవరికైనా ఆయాసం వస్తే ముందుగా గుర్తొచ్చేవి ఇవే. డాక్టర్ దగ్గరకు వెళ్తే ఇన్‌హేలర్ రాస్తారు. చాలామందికి దాంతోనే తగ్గుతుంది కూడా. అయితే వెంటిలేటర్‌పై ఉండి ఇంటికొచ్చిన వ్యక్తికి కొన్ని వారాల తర్వాత ఆయాసం మొదలైతే, దాన్ని ధూళి మీదకు నెట్టేయకూడదు. శ్వాసనాళమే ఇరుకైపోయి ఉండొచ్చు. మచ్చ కట్టిన నాళాన్ని ఇన్‌హేలర్ తెరవలేదు. ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది. సమయానికి గుర్తిస్తే మాత్రం చికిత్స ఉంది.

ఎందుకు ఇరుకవుతుంది?

గొంతు నుంచి ఊపిరితిత్తులకు గాలిని తీసుకెళ్లే గొట్టమే శ్వాసనాళం. పెద్దవారిలో దీని పొడవు 10-12 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 15-20 మిల్లీమీటర్లు ఉంటుంది. వెంటిలేటర్ పెట్టేటప్పుడు ఇందులోకి ఒక ట్యూబ్ దించి, పక్కల నుంచి గాలి పోకుండా దాని చుట్టూ ఉన్న చిన్న బెలూన్‌ను ఊదుతారు. బెలూన్ ఒత్తిడి ఎక్కువైతే లోపలి పొరకు రక్తం సరిగా అందదు. అక్కడ పుండు పడుతుంది. అది మానేటప్పుడు మచ్చ కట్టి, నాళం బిగుసుకుపోతుంది.

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారు, పురుగుమందు విషప్రభావానికి గురైనవారు, తీవ్రమైన న్యుమోనియా లేదా కొవిడ్‌తో ఐసీయూలో ఉన్నవారు, మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ వేయించుకున్నవారు (ట్రకియోస్టమీ) జాగ్రత్తగా ఉండాలి. క్షయ, థైరాయిడ్ వాపు, కణితులు, కొన్ని ఆటోఇమ్యూన్ జబ్బుల వల్ల కూడా నాళం ఇరుకు కావొచ్చు.

ఆస్తమాకు, దీనికి తేడా ఏంటి?

- ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు వినిపిస్తాయి. శ్వాసనాళం ఇరుకైతే గాలి పీల్చేటప్పుడు, గొంతు దగ్గర గరగరమని శబ్దం వస్తుంది.
- ఆస్తమా వస్తూ పోతూ ఉంటుంది. ఇది వారం వారం పెరుగుతూ పోతుంది.
- ఇన్‌హేలర్ వాడినా పెద్దగా మార్పు ఉండదు. కఫం బయటకు రాక గొంతులో ఇరుక్కున్నట్టు ఉంటుంది.

నాళం వెడల్పు సగానికి తగ్గితే గాలి వెళ్లే దారి నాలుగో వంతే మిగులుతుంది. అయినా కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. సుమారు 8 మిల్లీమీటర్లకు తగ్గాక మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. 5 మిల్లీమీటర్లకు చేరితే కూర్చున్నా ఊపిరి అందదు. అంటే లక్షణాలు కనిపించే సమయానికే నాళం చాలావరకు మూసుకుపోయి ఉంటుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

మామూలు ఛాతీ ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీలో గాలి వేగం గ్రాఫ్ పైభాగం చదునుగా వస్తే అనుమానిస్తారు. మెడ, ఛాతీ సీటీ స్కాన్‌తో ఎక్కడ, ఎంత పొడవున ఇరుకైందో తెలుస్తుంది. చివరగా కెమెరా ఉన్న గొట్టంతో లోపల చూసే బ్రాంకోస్కోపీతో నిర్ధారిస్తారు.

చికిత్స ఏంటి?

ఇరుకు కొద్ది పొడవునే ఉంటే లేజర్‌తో మచ్చను కోసి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు. కొందరికి ఇది మళ్లీ మళ్లీ అవసరమవుతుంది. ఆపరేషన్ కుదరనివారికి స్టెంట్ లేదా టీ-ట్యూబ్ అమరుస్తారు. ఆరోగ్యం అనుకూలిస్తే పాడైన భాగాన్ని తీసేసి రెండు చివరలను కలిపి కుడతారు. ఇది పెద్ద ఆపరేషన్. అన్ని ఆసుపత్రుల్లో చేయరు కాబట్టి ఎక్కడికి రిఫర్ చేస్తారో ముందే అడగండి.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి?

- ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా కేజీహెచ్, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. ముందుగా ఈఎన్‌టీ లేదా ఛాతీ వైద్యులకు చూపించుకోవాలి. హనుమంతవాక దగ్గర విమ్స్ కూడా ఉంది.
- స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు ఉక్కునగరంలోని ఆసుపత్రి నుంచి, పోర్టు ఉద్యోగులు సాలిగ్రామపురంలోని పోర్టు ఆసుపత్రి నుంచి రిఫరల్ అడగొచ్చు.
- ఈఎస్‌ఐ కార్డున్న కార్మికులకు మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది.
- ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద చేయించుకోవాలంటే, మీకు రాసిన చికిత్స అందులో ఉందో లేదో 104కు ఫోన్ చేసి లేదా ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో కనుక్కోండి. ఆధార్, బియ్యం కార్డు వెంట ఉంచుకోండి.

ఎప్పుడు ఆగకూడదు?

మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తున్నా, పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి లాక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కు ఫోన్ చేయండి. గతంలో వెంటిలేటర్‌పై ఉన్నట్టు సిబ్బందికి ముందే చెప్పాలి. ఇరుకైన నాళంలో మామూలు సైజు ట్యూబ్ దిగకపోవచ్చు. ముందే తెలిస్తే వైద్యులు చిన్న ట్యూబ్‌తో, ట్రకియోస్టమీకి అవసరమైన వాటితో సిద్ధంగా ఉంటారు.

ఐసీయూ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో ఎన్ని రోజులు ట్యూబ్ ఉందో రాశారో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకుని, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడు ఆయాసం వచ్చినా డాక్టర్‌కు ముందుగా ఆ కాగితమే చూపించండి.