హోదా దక్కాక ఇల్లు: బ్రిటన్‌లో శరణార్థుల వసతి

బ్రిటన్‌లో శరణు దరఖాస్తు మంజూరైతే, అంతవరకూ ప్రభుత్వం ఇచ్చిన గదిలో ఉండే హక్కు పోతుంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన హోదా వెంటే ఖాళీ చేయమనే నోటీసూ వస్తుంది. ఈ పరిస్థితి ఒక్క రోజులో ఏర్పడింది కాదు.

1972లో ఆ దేశ పాలకుడు ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఉగాండా నుంచి వెళ్ళగొట్టిన ఆసియావాసుల్లో సుమారు 28,000 మంది బ్రిటన్ చేరారు. ఎక్కువమందికి బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నందున వారు చట్టరీత్యా శరణార్థులు కారు. అయినా ఇళ్ళ చిక్కు అదే. ఉగాండా పునరావాస మండలి వారిని మొదట శిబిరాల్లో ఉంచింది. తరువాత ఊళ్ళను ఎరుపు, ఆకుపచ్చ ప్రాంతాలుగా విడదీసి, ఇళ్ళు చాలని ఎరుపు ఊళ్ళకు వెళ్ళవద్దంది. లెస్టర్ ఎరుపు ఊరే. అయినా బంధువులూ పనీ ఉన్నాయని చాలామంది అక్కడికే వెళ్ళారు.

1977 నాటి నిరాశ్రయుల చట్టం ఇల్లు చూపే బాధ్యతను స్థానిక కౌన్సిళ్ళపై పెట్టింది. పిల్లలున్నవారు, గర్భిణులు, వృద్ధులు, అనారోగ్యంతో ఉన్నవారు వంటి కొందరే ప్రాధాన్య వర్గం. ఒంటరి యువకుడికి దక్కేది సలహాయే. శరణార్థుల్లో అలాంటివారు చాలామంది కాబట్టి ఈ లోటు వారికే ఎక్కువగా తగిలింది. స్కాట్లాండ్ 2012 చివర్లో ఈ ప్రాధాన్య నిబంధనను ఎత్తివేసింది.

1999 చట్టంతో శరణు కోరినవారి పోషణ కేంద్రం చేతికి వెళ్ళింది. 2000 నుంచి వారిని లండన్‌కు దూరంగా గ్లాస్గో, లీడ్స్ వంటి నగరాలకు పంపారు. హోదా వచ్చాక సాయం ఆగే గడువు మొదట 14 రోజులు, 2002 నుంచి 28. ఆ లోపు బ్యాంకు ఖాతా తెరవాలి, భత్యానికి దరఖాస్తు పెట్టాలి, అడ్వాన్సు కూడబెట్టాలి, ఇల్లు వెతకాలి. ఇటీవలి యూనివర్సల్ క్రెడిట్ భత్యంలో తొలి చెల్లింపుకే దాదాపు అయిదు వారాలు పడుతుంది. అంటే చేతికి డబ్బు రాకముందే 28 రోజుల గడువు తీరిపోతుంది. 2007లో మొదలైన ప్రభుత్వ రుణం అడ్వాన్సుకు కొంత ఆసరా అయింది.

ఏ కౌన్సిల్ బాధ్యత వహించాలన్నది, అంటే ఏ ఊరితో స్థానిక సంబంధం ఉందన్నది, మరో తగాదా. పంపిన ఊరు ఆ మనిషి ఎంచుకున్నది కాదు కనుక దానితో స్థానిక సంబంధం ఏర్పడదని 2004లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చి, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ ఊరితోనే సంబంధం ఉన్నట్టు లెక్కించమంది. బలవంతంగా పంపిన చోటే వారి సొంత ఊరైంది.

నిరాశ్రయులు కాబోయేవారికి 56 రోజుల ముందే సాయం మొదలుపెట్టాలని ఇంగ్లండ్ కౌన్సిళ్ళను 2017 చట్టం ఆదేశించింది. 28 రోజుల నోటీసుతో వచ్చేవారికి ఆ 56 రోజులు ఎలా దొరుకుతాయి? 2023లో గడువు లెక్కించే పద్ధతి మార్చడంతో కొందరికి వారం రోజులే మిగిలి, వీధిన పడ్డవారు పెరిగారు. కొన్ని నెలలకు ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా గడువు 56 రోజులైంది. 2025 సెప్టెంబరులో ఒంటరి పెద్దలకు మళ్ళీ 28 రోజులే చేశారు.