చిరునామాల జోడింపు: సింగపూరు పటములు

భౌగోళిక సమాచార వ్యవస్థ యందు, అనగా జీఐఎస్ నందు, ఒక పట్టికలో అక్షరరూపమున నున్న చిరునామాను వేఱొక పట్టికలోని చిరునామాతో పోల్చి, రెండును ఒకే స్థలమును దెలుపుచున్నవని నిశ్చయించి, దానిని పటముపై బిందువుగా నిలుపుటకు చిరునామాల జోడింపు అని పేరు. వేలకొలది వరుసలను చేతితో సరిచూచుట దుస్సాధ్యము గావున ఈ పని స్క్రిప్టులచే సాగుచున్నది. సింగపూరునందు ఈ కార్యము సుకరమైనదనిన, ఆ ఖ్యాతి కంప్యూటరు కంటె ముందుగా అచ్చటి తపాలా వ్యవస్థకు చెందవలెను.

1950లో ఆ ద్వీపము రెండంకెల తపాలా మండలములుగా విభక్తమయ్యెను. 1979లో నాలుగంకెల సంఖ్యయు, 1995 సెప్టెంబరు 1న ఆరంకెల పోస్టల్ కోడును ప్రవేశించినవి. 1972లో మన దేశమున వచ్చిన పిన్ కోడునకును ఆరంకెలే యైనను, అది ఒక్కొక్క పంపిణీ ప్రాంతమునంతటిని సూచించును. సింగపూరు సంఖ్య యన్ననో ఒక్కొక్క భవనమునకు వేఱువేఱుగా ఏర్పడినది. మొదటి రెండంకెలు ప్రాంతమును, తక్కిన నాలుగును భవనమును దెలుపును. 1960లో స్థాపితమైన గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టించిన ఇండ్ల విషయమున ఈ నాలుగంకెలలో బ్లాకు సంఖ్యయే సాధారణముగా ఇమిడియుండును. ఆంగ్ మో కియో అవెన్యూ 10 లోని 406వ బ్లాకు కోడు 560406. బ్లాకు సంఖ్య చివర ‘ఏ’ యను అక్షరమున్నచో మూడవ అంకె 1 యగును, ‘బి’ యున్నచో 2 యగును. ఇంతటి క్రమము గల చిరునామాలు లోకమున అరుదు.

పోలిక సాధనములు మాత్రము వేఱు దేశములందు వేఱు ప్రయోజనములకై పుట్టినవి. ఉచ్చారణ సామ్యమును బట్టి పేర్లను గుర్తించు సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు లభించెను. ఒక పదమును వేఱొక పదముగా మార్చుటకు ఎన్ని అక్షరములను దిద్దవలెనో లెక్కించు కొలతను రష్యా దేశీయుడు లెవెన్‌స్టీన్ 1965లో ప్రకటించెను. పటముల సాఫ్ట్‌వేరునందు తొలుత ఆర్క్‌వ్యూకు అవెన్యూ, మ్యాప్‌ఇన్ఫోకు మ్యాప్‌బేసిక్ అను సొంత భాషలుండెడివి. 2004లో ఆర్క్‌జీఐఎస్ 9 పైథాన్‌ను చేపట్టుటతోను, 2002లో ఆరంభమైన క్యూజీఐఎస్ కొన్నియేండ్లకే దానిని అనుసరించుటతోను ఆ భాషయే ఈ రంగమున సర్వసామాన్యమయ్యెను.

సింగపూరు భూసంస్థ ఎస్‌ఎల్‌ఏ 2001లో ఏర్పడి, 2004లో ఎస్‌వీవై21 అను నిర్దేశాంక వ్యవస్థను ప్రవేశపెట్టి, 2010లో వన్‌మ్యాప్ అను పటసేవను ప్రజలకు అందించెను. బ్లాకును, వీథిని, లేదా పోస్టల్ కోడును స్క్రిప్టు ద్వారా అడిగినచో అది అక్షాంశ రేఖాంశములతో బదులిచ్చును. మఱుసటి యేట ప్రభుత్వ దత్తాంశములకొక వేదిక వెలసినది. హెచ్‌డీబీ ఇండ్ల పునర్విక్రయ ధరల పట్టిక అందులో మిక్కిలి ప్రసిద్ధము. 1990 నుండి జరిగిన విక్రయములు అందు గలవు. బ్లాకు, వీథి పేరు ఉన్నవి. పోస్టల్ కోడు మాత్రము లేదు. విద్యార్థులు, పరిశోధకులు వ్రాయు జోడింపు స్క్రిప్టులలో పెక్కింటికి ఈ లోపమే కారణము.

ఆ పట్టికలో వీథుల పేర్లు సంక్షిప్తములు. జలాన్ బుకిట్ మెరా అనునది ‘జేఎల్ఎన్ బీటీ మెరా’ అనియు, కామన్‌వెల్త్ అనునది ‘సి’వెల్త్’ అనియు ఉండును. ఎస్‌టీ యను రెండక్షరములు మఱింత చిక్కు గలవి: టాంపినిస్ ఎస్‌టీ 21 నందు అవి స్ట్రీటు, ఎస్‌టీ జార్జెస్ రోడ్డునందు సెయింటు. కనబడిన ఎస్‌టీనెల్ల స్ట్రీటుగా మార్చు స్క్రిప్టు అసలు లేని వీథినొకదానిని సృష్టించును గావున, దాని తరువాత అంకె యున్నదా, పేరున్నదా యని ముందు పరీక్షింపవలెను. లెవెన్‌స్టీన్ కొలతయగు అక్షరదూరమును నమ్ముటయు ప్రమాదకరమే. అవెన్యూ 1, అవెన్యూ 10 అను పేర్లకు భేదము ఒక్క అక్షరమే యైనను అవి రెండు వేఱు వీథులు. కామన్‌వెల్త్ అను పేరునకును దాని సంక్షిప్తమునకును భేదము అనేకాక్షరములైనను వీథి యొక్కటే. సౌండెక్స్ అంకెలను లెక్కింపనే లెక్కింపదు. కాబట్టి సంక్షిప్తముల నిఘంటువు నొకదానిని కూర్చి, అంకెలు అక్షరాలా సరిపోలినప్పుడే జోడించుట ఉత్తమ మార్గము.

ఇంత చేసినను కొన్ని వరుసలు మిగులును. 1995 నుండి సాగిన సమష్టి పునరభివృద్ధి పథకమున పాత బ్లాకులు అనేకము కూలినవి. ఉత్తర దక్షిణ మార్గ నిర్మాణమునకై, రంగురంగుల గోడలతో పేరొందిన రోచర్ సెంటర్ తొలగింపబడినది. విక్రయము నిజము, చిరునామా నిజము. నేటి పటమున భవనము లేదు. అట్టి వరుసను సమీప భవనమునకు అంటగట్టుట చరిత్రకు ద్రోహము. దానిని వేఱుగా నుంచి, కూల్చివేతకు పూర్వపు పటముతో సరిచూడవలెను.

పునర్విక్రయ పట్టికలో పోస్టల్ కోడునకు ఒక గడి చేర్చి, కూలిన భవనముల కోడులను సైతము అందు నిలిపి ప్రకటించినచో ఈ శ్రమలో అధికభాగము తీరును. ఆ పని చేయుట ప్రభుత్వమునకు కష్టము గాదు.