పాప బట్టలకి ఏ సబ్బు? కుంకుడుకాయ నుంచి సర్ఫ్ దాకా

మన వైజాగ్ పోర్టు 1933లో ఓపెన్ అయింది. వన్ టౌన్ డాబాల మీద ఆరేసిన బట్టలపై బొగ్గు పొడి పడుతుందన్న గొడవ ఇక్కడ పాతదే. మరి పసిపిల్లల బట్టలు దేంతో ఉతకాలి?

ఒకప్పుడు కుంకుడు రసం, చౌడు మట్టి. తర్వాత సబ్బు. కానీ బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే తెట్టు కట్టి బట్టకే అంటుకుంటుంది. దానికి జవాబే డిటర్జెంట్: మన దేశంలో 1959లో సర్ఫ్, 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలెట్టిన చవకైన నిర్మా.

తెట్టు తగ్గింది, సెంటు వచ్చింది, మెరుపు కూడా వచ్చింది. ఆ మెరుపు ఆప్టికల్ బ్రైటెనర్లది. అవి బట్టలోనే ఉండిపోయి నీలి వెలుగు ఇస్తాయి. అంటే తెల్లగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు.

సో, పాపకి సెంటు లేని డిటర్జెంట్ కొలిచి కొంచెమే వేయండి. రెండుసార్లు జాడించి, దుమ్ము పడని చోట ఆరేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!