నాగార్జునకొండలో తొలి కాపురములు

నాగార్జునకొండ యనగానే బౌద్ధ స్తూపములును, విహారములును, ఇక్ష్వాకు రాజుల విజయపురియు స్ఫురణకు వచ్చుట సహజము. క్రీ. శ. 3వ శతాబ్దమున కృష్ణ కుడిగట్టున వెలసిన ఆ రాజధాని ఆంధ్రుల చరిత్రలో నొక ఉజ్జ్వల ఘట్టము. అయితే ఇక్ష్వాకు వంశ స్థాపకుడగు శాంతమూలుడు సింహాసన మధిష్ఠించుటకు వేయి సంవత్సరములకు పైగా ముందే ఆ లోయలో మనుష్యులు ఇండ్లు కట్టుకొని, పశువులను పెంచి, పంటలు పండించి, చనిపోయిన వారిని భక్తితో భూస్థాపితము చేసి జీవించిరి. వారికి లిపి లేదు. వారి పేరు చెప్పు శాసన మొక్కటియు లేదు. వారిని గూర్చి సాక్ష్య మిచ్చునది మట్టి యొక్కటే. ఆ మట్టియు నీట మునుగనున్న తరుణమున దానిని చదివి, గ్రంథస్థము చేసిన వృత్తాంత మిది.

మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగవ వైపున కృష్ణానది గల యీ లోయ యించుమించు 23 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలది. నాడు గుంటూరు జిల్లా పల్నాడు తాలూకాలోని దైన యీ ప్రదేశము 2022 నుండి పల్నాడు జిల్లాలో చేరియున్నది. అచటి శిథిలములను 1926లో గుర్తించినవాడు ఎస్. వెంకటరామయ్య అను స్థానిక ఉపాధ్యాయుడు. ఒక పల్లెటూరి బడిపంతులు చూపు వలన దేశచరిత్రలో నొక అధ్యాయము తెరువబడె నన్నది మరువరాని విషయము. పిమ్మట 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొరయు, 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారును త్రవ్వకములు సాగించిరి. వారి దృష్టి ప్రధానముగ స్తూపముల మీదను, శిల్పముల మీదను నిలిచినది.

ఇంతలో కృష్ణకు ఆనకట్ట కట్టు సంకల్పము స్థిరపడెను. వానను నమ్ముకొన్న మెట్టపొలములకు నీ రందింపవలెనన్న ఆశయము గొప్పది. దాని నెవ్వరు కాదనగలరు? 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన మొనర్చెను. ఆనకట్ట నిండిన నాడు లోయ యావత్తు జలమయ మగును. కావున కేంద్ర పురావస్తు శాఖ 1954లోనే యొక ప్రత్యేక బృందమును నియమించి, దాని బాధ్యతను ఆర్. సుబ్రహ్మణ్యంగారి కప్పగించెను. ఆ బృందము 1960 వరకు ఆరేండ్లు శ్రమించి నూటికి పైగా స్థలములను త్రవ్వినది. మామూలు త్రవ్వకములలో ఈ ఏడు వీలుకానిది పై యేట చూడవచ్చును. ఇచట అట్టి అవకాశము లేదు. విడిచినది శాశ్వతముగ విడిచినట్లే.

ఈసారి శాస్త్రజ్ఞులు విజయపురితో తృప్తి చెందక అంతకు ముందటి కాలమును గూడ వెదకిరి. అందుల కొక ఆధారము అప్పటికే సిద్ధమై యుండెను. 1947లో మైసూరు రాజ్యమున చిత్రదుర్గము జిల్లాలోని బ్రహ్మగిరి వద్ద మార్టిమర్ వీలర్ జరిపిన త్రవ్వకములు దక్షిణాపథ చరిత్రపూర్వ యుగముల వరుసను స్పష్టపరచినవి. అడుగున నునుపు చేసిన రాతిగొడ్డండ్లు వాడిన వారి పొర. దానిపై ఇనుము నెరిగి, పెద్ద రాళ్లతో సమాధులు కట్టిన వారి పొర. ఆపైన శాతవాహన కాలపు పొర. ఈ క్రమమును బట్టి నాగార్జునకొండ మట్టిని చదువుట సులభ మైనది.

మట్టిని చదువుట యెట్లు? భూమిని చదరపు గళ్లుగ విభజించి, గడికిని గడికిని నడుమ గట్టు విడిచి త్రవ్వుదురు. ఆ గట్టు ప్రక్కలందు మట్టిపొరలు పుస్తకపు పుటలవలె కనబడును. తాపీతో మెల్లగా గీకుచు పోవునపుడు, గట్టి నేలలో అచ్చటచ్చట గుండ్రని నల్లని మచ్చలు తేలును. అవి గుంజలు పాతిన గుంటలు. కొయ్య యెన్నడో చివికిపోయినను ఆ గుంటలో చేరిన మట్టి రంగు మాత్రము మారదు. అట్టి మచ్చలు ఒక గొయ్యి చుట్టును వరుసగ నున్నచో అది యిల్లు. నాగార్జునకొండలోని నవీన శిలాయుగ జనులు నేలను కొంత లోతుగ త్రవ్వి, చుట్టును గుంజలు నాటి, పైన కప్పు వేసికొని నివసించి రని యిట్లే తేలినది.

వారి ఇండ్లలో సారె లేకయే చేతితో చేసిన కుండల పెంకులును, నల్లరాతిని చెక్కి అరగదీసి నునుపు చేసిన గొడ్డండ్లును లభించినవి. ఆ కాలపు రైతుల బ్రతుకు ఇతర స్థలముల వలన మరింత తెలియుచున్నది. 1957లో నాటి మహబూబునగరు జిల్లా ఉట్నూరు వద్ద ఆల్చిన్ పండితుడు త్రవ్విన బూడిదదిబ్బ, పశువుల దొడ్డిలోని పేడ పలుమారులు కాలుట వలన ఏర్పడిన దని ఋజు వైనది. దక్షిణాపథమునందలి ఆనాటి పల్లెలలో దొరకిన మాడిన గింజలను పరీక్షింపగా, కొఱ్ఱజాతి ధాన్యములును, ఉలవలును, పెసలును వారి ఆహార మని తెలిసినది. నాలుగువేల యేండ్ల నాటి ఉలవలు నేటికిని మెట్టరైతు ఇంట కలవు! పసిపిల్లలు మరణించినచో కుండలో నుంచి ఇంటి దాపుననే పూడ్చుట ఆ జనుల ఆచారము. ఆ తల్లుల దుఃఖమును తెలుప వేరు శాసన మక్కరలేదు.

అనంతర కాలమున ఇనుము వచ్చెను. రాళ్లను వలయముగ పేర్చి, నడుమ మృతుల అస్థులను, నలుపు ఎరుపు కలిసిన కుండలను, ఇనుప పనిముట్లను ఉంచిన సమాధులు లోయలో బయల్పడినవి. ఇట్టివానినే తెలుగుపల్లెలలో రాకాసిగుళ్లందురు. అవతలి యొడ్డున నల్లగొండ జిల్లా ఏలేశ్వరమునందును రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వకములు జరిపి యిట్టి సమాధులను కనుగొనెను. ఆ ఏలేశ్వరమును జలగర్భమున చేరినది.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి సాగరము కాలువలకు నీరు విడిచెను. అంతకు ముందే ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని విప్పి, కొండమీదను, అనుపు వద్దను తిరిగి నిర్మించిరి. కొండమీది ప్రదర్శనశాల 1966లో తెరువబడినది. లోయలోని పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెల వారును తమ ఇండ్లు విడిచి తరలిపోయిరి. పొలములకు నీ రిచ్చిన పుణ్యములో వారికిని భాగ మున్నది.

రాతిని తరలింప వచ్చును. ఇటుకను తరలింప వచ్చును. కాని నవీన శిలాయుగపు ఇంటిని తరలించు టెట్లు? అది మట్టిలో నొక గొయ్యి, చుట్టును కొన్ని మచ్చలు. అంతే. గొయ్యి నెత్తుకొని పోవుట ఎవ్వరి తరము? పైగా త్రవ్వుటలోనే దాని పొరలు నశించును. అందుచే ఆ ఇండ్లను కొలిచి, పటములు గీచి, ఛాయాచిత్రములు తీసి, ఏ వస్తు వే పొరలో దొరకినదో వ్రాసి యుంచిరి. చరిత్రపూర్వ యుగములను గూర్చిన మొదటి సంపుటము 1975లోను, రెండవది 2006లోను ప్రకటిత మైనవి. ఆ తొలి రైతుల కాపురములు నేడు కృష్ణ యొడ్డున లేవు. ఆ గ్రంథములో మాత్రమే యున్నవి. దానిని దాచిన గ్రంథాలయములే వాటి కిప్పుడు ఊరును, నేలయును.

ఇందుండి పల్లెవాసులు గ్రహింపదగిన విషయ మొకటి కలదు. బావి త్రవ్వునపుడు గాని, రోడ్డు వేయునపుడు గాని, పునాది తీయునపుడు గాని నునుపైన రాతిగొడ్డలియో, బూడిదపొరయో, వింత కుండపెంకులో కనబడిన యెడల వానిని పెరికి ఇంటికి గొనిపోరాదు. ఉన్నచోటనే ఉంచి పురావస్తు శాఖకు తెలుపవలెను. పొర నుండి వేరు చేసిన వస్తువు పుస్తకము నుండి చించిన పుటవంటిది. అది యే కథలోని దో చెప్పుట దుర్లభము. ఆనకట్టలు, రహదారులు, భవనములు దేశమున కావశ్యకములే. వాటికి ముందు నేలను చదువుటకు కొంత వ్యవధి యిచ్చుట గూడ అంతే యావశ్యకము. ఆరేండ్ల వ్యవధి దొరకబట్టియే, పేరు తెలియని యొక జాతి జనులకు తెలుగువారి చరిత్రలో కొన్ని పుటలు దక్కినవి.